వెనుకబల్ల విద్యార్థియు నాచారపు చిత్రశాలలును

భాగ్యనగరమునకు తూర్పుదిక్కున, మూసీనదికి ఉత్తరపుటొడ్డున, ఓరుగల్లు బాట నానుకొనియున్న ఉప్పల్ గ్రామమును, దానికి ఉత్తరముగా నున్న నాచారమును నేడు మహానగరములో కలిసిపోయి, ఎచ్చట నొకటి ముగిసి ఎచ్చట మఱియొకటి మొదలగునో బాటసారికి తెలియనంతగా నేకమైనవి. ఉప్పల్ పురపాలకము 2007 ఏప్రిల్ 16వ తేదీన మహానగర పాలకసంస్థలో విలీనమగుటకు చాల పూర్వమే ఈ ప్రాంతమునకు రెండు విధములైన ప్రసిద్ధి కలిగెను. అందు మొదటిది శాస్త్రవిజ్ఞానమునకు సంబంధించినది. 1944లో నిజాము కాలమున పుట్టి, కాలక్రమమున తార్నాకలో ఐ.ఐ.సి.టి.గా వర్ధిల్లిన రసాయన పరిశోధనాలయము, 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, 1987 నవంబరులో జాతి కంకితమైన సీసీఎంబీ అను జీవశాస్త్ర పరిశోధనాలయపు భవనములు, ఇవియన్నియు తార్నాకనుండి ఉప్పలునకు సాగు నొక్క బాట పొడవుననే నెలకొన్నవి. రెండవ ప్రసిద్ధి చలనచిత్రములకు సంబంధించినది. నందమూరి తారక రామారావుగారి కుటుంబమువారి రామకృష్ణ హార్టికల్చరల్ స్టూడియోయు, దగ్గుబాటి రామానాయుడుగారి స్టూడియోయు నాచారమున వెలసెను. ఉప్పలునకు పొరుగుననే యున్న రామంతాపురమున దూరదర్శన్ కేంద్రము వెలసెను.

ఒకే బాటపై ప్రథమశ్రేణి విద్యావంతుల ప్రయోగశాలలును, చుట్టును ఉప్పల్, నాచారము, మల్లాపురముల పారిశ్రామికవాడలలో నుద్యోగము చేయుచు తమ బిడ్డ లింజనీర్లు కావలెనని వేడుకొను సామాన్య గృహస్థుల కాలనీలును ఇట్లు కలిసియుండుట వలన, పరీక్షయనునది ఈ ప్రాంతమున ప్రతి యింటి దినచర్యలోను భాగమైనది. ఆ పరీక్షలో తప్పినవాడు, తప్పకపోయినను అత్తెసరు మార్కులతో గట్టెక్కినవాడు, తరగతిలో కడపటి బల్లపై కూర్చుండి తనకు దొరకిన ఒకరిద్దరు స్నేహితులతో తనదైన లోకమును కల్పించుకొన్నవాడు, తెలుగు చలనచిత్రములో కథానాయకు డగుట కెంతకాలము పట్టెను, ఎట్టి కారణములచేత నది సాధ్యమయ్యెను అను చరిత్రయే ఈ వ్యాసమునకు విషయము. నా సిద్ధాంతము క్లుప్తముగా నిది: ధనము మెండుగా గల చిత్రము గెలుపును మాత్రమే అమ్ముకొనగలిగెను, ఓటమిని ప్రేమతో చూపుట కల్పవ్యయముతో తీసిన చిత్రమునకే చేతనయ్యెను.

సాహిత్యమున మాత్ర మీ బాలుడు క్రొత్తవాడు కాడు. 1892లో విజయనగరమున ప్రదర్శితమై, 1897లో ముద్రితమైన గురజాడవారి కన్యాశుల్కమున వేంకటేశము పరీక్ష తప్పిన విద్యార్థియే. ఆ తప్పుటనే యాధారముగా చేసికొని గిరీశము వానికి చదువు చెప్పు నెపమున అగ్రహారమునకు ప్రయాణము కట్టుటచేతనే నాటకమంతయు కదలినది. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి గణపతి బడికి చిక్కని బాలుడు. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిష్టరు పార్వతీశము మొగలితుఱ్ఱునుండి సీమకు బయలుదేరి, త్రోవపొడుగునను లోకరీతి తెలియక తొట్రుపడినవాడు. 1956, 57 సంవత్సరములలో ఆంధ్రపత్రిక వారపత్రికలో ముళ్లపూడి వేంకటరమణగారి రచనతోను బాపుగారి బొమ్మలతోను వెలసిన బుడుగు ప్రైవేటు మాష్టారి పాలిటి పెనుసమస్య. ఈ నలువురిలో నొక్కనినైనను రచయిత తక్కువచేసి నవ్వలేదు. వారి తెలియమి వలన పెద్దల లోకపు డాబుసరి బయటపడుట, పాఠకుడు నవ్వుచు నవ్వుచు బాలుని పక్షమున చేరుట, ఇవి యీ రచనల యన్నిటికిని సామాన్యలక్షణములు. తెలుగు హాస్యమునకు గల ఈ సౌమనస్యమే దాని శ్రేష్ఠమైన పిత్రార్జితమని నా దృఢవిశ్వాసము.

చలనచిత్ర మీ యాస్తిని తొలినాళ్లలోనే గుర్తించెను, 1940లోనే ఆర్. ప్రకాశ్‌గారి దర్శకత్వమున బారిష్టరు పార్వతీశము చిత్రముగా వచ్చెను. కాని మదరాసు స్టూడియోలలో పరిశ్రమ పెరిగినకొలదియు, తారల పారితోషికములును, అంతస్తులకొలది కట్టు సెట్టింగులును, పంపిణీదారుల ముందస్తు సొమ్మును చిత్రనిర్మాణమునకు మూలస్తంభములయ్యెను. ఆ పద్ధతిలో విద్యార్థి పాత్ర యనగా ముప్పది, నలువది యేండ్ల ప్రసిద్ధనటుడు చేతిలో రెండు పుస్తకములు పట్టుకొని ప్రవేశించుటయే. అతడు చదువున మొదటివాడు, ఆటలలో మొదటివాడు, పాటలో మొదటివాడు. తప్పిన విద్యార్థి హాస్యనటుని వంతు. వాడు నాయకుని ప్రక్క నిలుచుండి, గుంజీలు తీసి, గోడకుర్చీ వేసి, నాయకుని ప్రభను పెంచి నిష్క్రమించెడివాడు. ఇందు దర్శకుల దోషము కంటె లెక్కల ప్రభావమే యెక్కువ. లక్షల రూపాయలు వెచ్చించి తెచ్చిన తారను ఓడిపోవువానిగా చూపుటకు నిర్మాతకు ధైర్యము చాలదు, పంపిణీదారునకు సమ్మతి యుండదు.

ఈ కట్టుబాటును సడలించుటకు తొలి ప్రయత్నములు 1960ల దశకమున జరిగెను. ఆదుర్తి సుబ్బారావుగారు 1965లో తేనెమనసులు చిత్రమునకు క్రొత్తవారిని వెదకి తెచ్చి, తారలు లేకయు చిత్రము విజయము పొందునని నిరూపించిరి. 1967లో బాపురమణలు సాక్షి చిత్రమును గోదావరీతీరమున నిజమైన పల్లెలో, నిజమైన యిండ్లముందు తక్కువ ఖర్చుతో తీసి, సెట్టింగు లేకయు కథ నిలుచునని చూపిరి. క్రొత్తముఖము, నిజమైన చోటు అను నీ రెండును విద్యార్థి హాస్యచిత్రమునకు ముడిసరుకులని చెప్పదగును. కాని యవి రెండును ఒకచోట చేరుటకు మఱి మూడు దశాబ్దములు గడువవలసివచ్చెను.

ఇంతలో పరిశ్రమ హైదరాబాదునకు తరలివచ్చెను. అమీరుపేటలో సారథి స్టూడియో 1950లలోనే వెలసియుండినను, 1976 జనవరి 14వ తేదీన అన్నపూర్ణ స్టూడియో ప్రారంభమైన నాటినుండియే వలస వేగిరపడెను. తారలును నిర్మాతలును పడమట బంజారా, జూబిలీ కొండలమీద స్థిరపడగా, విశాలమైన స్థలము, చెట్లు, పెద్ద సెట్టింగులకు కావలసినంత ఖాళీనేల దొరకు తూర్పున నాచారము పనివాడల నడుమ చిత్రనిర్మాణపు నెలవైనది. వడ్రంగులు, రంగులు వేయువారు, ప్లాస్టరు పనివారు, లైటుమెన్లు, ప్రొడక్షను మేనేజర్లు అను నొక పెద్ద శ్రామికసమూహ మిట్టి స్టూడియోల నాశ్రయించి జీవించెను. చెక్కతోను గుడ్డతోను న్యాయస్థానమును, దేవాలయమును, కళాశాలను కొన్ని దినములలో నిలువబెట్టి, పని ముగిసినంతనే విప్పివేయు నేర్పు వీరిది. తెరపై పేరు పడక, పడినను చదువువా రుండక మరుగుపడిన ఈ వృత్తుల చరిత్రను ఎవరైనను శ్రద్ధతో వ్రాయవలసియున్నది.

రామంతాపురపు దూరదర్శన్ కేంద్రపు పాత్ర మఱియొక తెఱగు. 1977లో హైదరాబాదు దూరదర్శన్ ప్రసారములు మొదలైన పిమ్మట, తారల అవసరము లేని హాస్యమునకు తెలుగున తొలిసారిగా నిత్యవేదిక దొరకెను. ఆ వేదికపై ధర్మవరపు సుబ్రహ్మణ్యముగారి ఆనందోబ్రహ్మ ధారావాహిక ఇంటింటి మాటయైనది. రెండు కుర్చీలు, ఒక గోడ, మాటపొందిక, ముఖకవళిక, ఇంతకు మించిన పరికరము లేమియు లేకయే ప్రేక్షకుని నవ్వింపవచ్చునని ఆ చిన్నతెర నేర్పెను. సినిమాలో జంధ్యాలగారప్పటికే ఆ త్రోవ త్రొక్కియుండిరి. 1984లో రామోజీరావుగారి ఉషాకిరణ్ మూవీస్ పక్షమున శ్రీవారికి ప్రేమలేఖయు, 1987లో రామానాయుడుగారి సురేష్ ప్రొడక్షన్స్ పక్షమున అహ నా పెళ్ళంటయు ఆయన తీసినవి. ఈ రెండు సంస్థలను పాఠకులు గుర్తుంచుకొనవలెను. ఏలయన, చిన్నచిత్రపు చరిత్రలో నివి మరల మరల ప్రత్యక్షమగును.

అహ నా పెళ్ళంటతో ప్రసిద్ధికెక్కిన బ్రహ్మానందముగారు అత్తిలి కళాశాలలో తెలుగు అధ్యాపకులుగా పనిచేసినవారు. ఆ తరువాతి తరమున హాస్యనటుడై వెలుగొందిన ఎం.ఎస్. నారాయణగారును తెలుగు అధ్యాపకులే. ధర్మవరపువారు అధ్యాపకులు కాకపోయినను, 2001లో నువ్వు నేను చిత్రమున కళాశాల అధ్యాపకుని వేషము ధరించిన పిమ్మట, తెలుగు ప్రేక్షకునకు లెక్చరరనగా ఆయన ముఖమే స్ఫురించు స్థితి యేర్పడెను. ఇది యాదృచ్ఛిక మనుటకు వీలులేదు. తరగతిగదిలో వేదికపై నిలుచుండి పాఠము చెప్పు వానికే కడపటి బల్లయందలి బాలుని చేష్టలు సమగ్రముగా కానవచ్చును. సంవత్సరములకొలది చూచిన ఆ దృశ్యమే వారి హాస్యమునకు పెట్టుబడి యయ్యెనని నేననుకొందును. నవ్వబడువాడు గురువును, నవ్వువాడు శిష్యుడునైన ఈ తారుమారు తెలుగు విద్యార్థి చిత్రమునకు తొలి విమోచనము.

రెండవ విమోచనము 2000 జూన్ 16వ తేదీన విడుదలయైన చిత్రము అను చిత్రముతో వచ్చెను. 1993లో మనీ అను తక్కువ ఖర్చు హాస్యచిత్రమునకు ఛాయాగ్రాహకుడుగా పనిచేసిన తేజ దీనికి దర్శకుడు, ఉదయ్‌కిరణ్, రీమాసేన్ అను క్రొత్తవారు నాయికానాయకులు, ఆర్.పి. పట్నాయక్ సంగీతకర్త, నిర్మించినది ఉషాకిరణ్ మూవీస్. అరకోటి రూపాయలకు లోబడిన వ్యయముతో తయారైన ఈ చిత్రమున పదునేడేండ్ల విద్యార్థులు పదునేడేండ్ల విద్యార్థులవలెనే యుండిరి. వారు తొందరపడుదురు, తప్పుచేయుదురు, బిడ్డను కని పుస్తకములతోపాటు మోయుదురు. ఇతివృత్తముతో నేకీభవింపనివారు సైతము, తెరపై కాలేజి పిల్లలు ఆ వయసువారే కావలెనను నియమ మీ చిత్రముతోనే తెలుగున స్థిరపడెనని యొప్పుకొనక తప్పదు. ఆ బాటనే 2006లో టెన్త్ క్లాస్, 2007 అక్టోబరు 2వ తేదీన శేఖర్ కమ్ములగారి హ్యాపీడేస్, 2008లో శ్రీకాంత్ అడ్డాలగారి కొత్తబంగారులోకము వెలువడెను. హ్యాపీడేస్ ముఖ్యపాత్రధారులలో పలువురు నాడు పేరెరుగని యువకులే.

ఐనను ఈ చిత్రములలోని విద్యార్థి ప్రేమలో మాత్రమే తడబడెను. చదువున తడబడినవాడు ఇంకను ప్రక్కబల్లపైననే యుండెను. అతడు నడిమికి వచ్చుటకు మూడవ విమోచనము కావలసెను, అది యంత్రమువలన కలిగెను. ఫిల్ముపై తీయునాడు ప్రతి నిమిషమునకును ముడిఫిల్ము వెల, కడుగుకూలి, ఒక్కొక్క హాలునకు నొక్కొక్క ప్రింటు ఖర్చు పడెడివి. సంఖ్యావిధానపు కెమెరాలును, ప్రింటు లేకయే ప్రదర్శించు ప్రొజెక్టరులును వచ్చిన పిమ్మట ఆ భారము తొలగెను. యూట్యూబులో లఘుచిత్రములు తీయుచు పని నేర్చిన యువకులు దర్శకులును నటులును అయిరి. స్టూడియోలో కట్టవలసిన కాలేజి యిప్పుడు కాలనీలోని నిజమైన కాలేజియే యయ్యెను. ఇంటి మేడ, టీ కొట్టు, బస్టాపు, ట్యూషను గది, ఇవి సెట్టింగులయ్యెను.

ఇదే కాలమున చదువు తీరును మాఱెను. 1971లో నేర్పడిన ఇంటర్మీడియేట్ బోర్డు పరీక్షలకు, ఎంసెట్ అను ప్రవేశపరీక్ష ర్యాంకులకు బాలబాలికలను తయారుచేయుట యొక పరిశ్రమగా పెరిగి, ర్యాంకు రానివానికి లాంగ్‌టర్మ్ కోచింగు అను నొక యేడాది, ఒక్కొక్కప్పు డంతకు మించిన కాలము, విధింపబడెను. సహాధ్యాయు లింజనీరింగు కళాశాలలకు పోగా, తానింకను పాతపుస్తకములే తెఱచుకొని కూర్చుండు బాలుని మనఃక్లేశము తెలుగిండ్లలో నెల్లరకు తెలిసినదే. అది యెంత దారుణముగా పరిణమింపగలదో 2019 ఏప్రిలులో లోకమునకు వెల్లడియయ్యెను: తెలంగాణ ఇంటర్మీడియేట్ ఫలితముల ప్రకటనలో దొరలిన తప్పులు రాష్ట్రమును కుదిపివేయగా, ఆ దినములలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఒక సంఖ్య యొక జీవితమునకు తుదితీర్పు కాగలదని పసివారిని నమ్మించిన సమాజము, ఆ నమ్మకమును తొలగించు పూచీ తానే వహింపవలెను.

అటుపిమ్మట రెండు నెలలకు, అనగా 2019 జూన్ 28వ తేదీన, అంతకు మునుపే తీసి సిద్ధపరచిన బ్రోచేవారెవరురా విడుదలయయ్యెను. వివేక్ ఆత్రేయగారి ఈ చిత్రమున శ్రీవిష్ణు, ప్రియదర్శి, రాహుల్ రామకృష్ణ ధరించిన పాత్రలు ఇంటర్మీడియేట్ మరల మరల తప్పిన మువ్వురు మిత్రులు. నృత్యము నేర్వగోరి తండ్రి కట్టుబాట్లలో నలుగు ప్రిన్సిపాలుగారి కుమార్తె మిత్ర పాత్రను నివేదా థామస్ ధరించినది. చదువురాని యీ మువ్వురికి స్నేహముచేయుట వచ్చును, మాట నిలుపుకొనుట వచ్చును, భయపడిన పిల్లకు తోడుగా నిలుచుట వచ్చును. వెనుకబల్ల విద్యార్థి ప్రక్కనుండి నడిమికి వచ్చిన ఘట్టమిది యని నా లెక్క.

నాచారపు స్టూడియో యజమానులైన సురేష్ ప్రొడక్షన్స్ వారి పేరు ఈ క్రొత్త ఘట్టమునను వినబడును. 2018లో వెంకటేశ్ మహాగారు విశాఖపట్టణపు కంచరపాలెమున ఆ పేటవారినే నటీనటులుగా గ్రహించి తీసిన కేరాఫ్ కంచరపాలెమును సమర్పించినది ఈ సంస్థయే. అందలి కథలలో నొకటి బడిపిల్లలది. 2024 సెప్టెంబరు 6వ తేదీన వచ్చిన 35 చిన్న కథ కాదు చిత్రముతోను ఈ సంస్థకు సంబంధము కలదు. నందకిశోర్ ఈమానిగారి ఈ చిత్రము తిరుపతిలో జరుగు కథ. సున్నకు విలువ లేదన్నచో ఒకటి ప్రక్కన దానిని చేర్చినంతనే తొమ్మిదికంటె పెద్దసంఖ్య యెట్లగునని యడిగి, ఉత్తరము దొరకక గణితమునకే యెదురుతిరిగిన యొక బాలుడు, ముప్పదియైదు మార్కులు తెచ్చుకొనుట ఇందలి విషయము. వానికి లెక్కలు చెప్పుటకై తానును మరల చదువునకు కూర్చున్న తల్లి పాత్ర నివేదా థామస్‌ది. మార్కులను బట్టి పిల్లలకు పేర్లుపెట్టు కఠినోపాధ్యాయుని పాత్ర ప్రియదర్శిది. అయిదేండ్ల క్రిందట నొకే కళాశాలలో తోటివారుగా కనిపించిన యిరువురు, ఇందు నొకరు తల్లియు నొకరు గురువునై బాలునకు చెఱియొక వైపున నిలిచిరి. బాలుని ప్రశ్న తెలివిలేనిది కాదు. అడుగుట కవకాశమీయని తరగతిదే లోపమని చిత్రము నిష్కర్షగా చెప్పెను.

ఉషాకిరణ్ వంశమును ఆగలేదు. రామోజీరావుగారి సంస్థలలోనిదైన ఈటీవీ విన్ 2024 జనవరిలో ఆదిత్య హాసన్‌గారి నైంటీస్ అను ధారావాహికను ప్రసారము చేసెను. గణితోపాధ్యాయుని యింట చదువు రాని చిన్నకొడుకు అందలి ముఖ్యపాత్రలలో నొకడు. దానిలో చక్కగా చదువు పెద్దకొడుకుగా నటించిన మౌళి తనూజ్ 2025 సెప్టెంబరు 5వ తేదీన విడుదలయైన లిటిల్ హార్ట్స్ చిత్రమున ఎంసెట్ తప్పి లాంగ్‌టర్మ్ కోచింగున చేరిన అఖిల్ అయ్యెను. సాయి మార్తాండ్‌గారు దర్శకులు, ఆదిత్య హాసన్‌గారు నిర్మాత. రెండున్నర కోట్ల రూపాయల ప్రాంతపు వ్యయముతో తయారైనదని చెప్పబడిన ఈ చిత్రము తెలుగుదేశమంతటను హాళ్లు నింపెను. శివానీ నాగరం ధరించిన నాయికయు వైద్యవిద్యలో ప్రవేశమునకై లాంగ్‌టర్మ్ చదువుచున్నదే యగుట ఇందలి విశేషము. ఆడుపిల్ల వెనుకబడుటను తెలుగు హాస్యచిత్రము నేరముగా గాక సహజముగా చూపుట మిక్కిలి యరుదు. ఈ విషయమున మన చిత్రములు చేయవలసిన పని యింకను చాల మిగిలియున్నది. ఇన్ని చిత్రములలోను వెనుకబల్లపై కూర్చుండు స్వేచ్ఛ మగపిల్లవానికే యెక్కువగా దక్కినది.

ఇతరదేశములలోను ఈ చరిత్ర యిట్లే నడచుట గమనింపదగినది. 1981లో విడుదలయైన గ్రెగొరీస్ గర్ల్ అను స్కాట్లండు చిత్రము కంబర్నాల్డ్ అను క్రొత్తగా కట్టిన యుపనగరమున నొక పొడుగుపాటి యమాయక బాలుని కథ. 2004లో వచ్చిన నెపోలియన్ డైనమైట్ అమెరికాలోని అయిడహో రాష్ట్రమున ప్రెస్టన్ అను చిన్నయూరి యున్నతపాఠశాలలో, నాలుగు లక్షల డాలర్లతో తీసినది. దాని నాయకుడు లోకమెల్ల వెక్కిరించు నొక విచిత్రపు బాలుడు. రెండింటను రాజధానులు లేవు, తారలు లేరు, సెట్టింగులు లేవు. సామాన్యమైన చోటు, సామాన్యమైన బడి మాత్రమే కలవు. ఓడినవానిని నాయకునిగా నిలుపుటకు ముందుగా నిర్మాత ఓడిపోయినను బ్రతికి బట్టకట్టగల స్థితి యుండవలెను. అట్టి స్థితి అల్పవ్యయమువలననే కలుగును.

ఇది తెలిసిన పిమ్మట నాచారపు చరిత్ర మఱియొక రీతిని బోధపడును. పెద్ద సెట్టింగుల కాలము ఈ ప్రాంతమునకు కూలియు పనియు పేరును ఇచ్చెను; ఆ ఋణము చిన్నది కాదు. ఆ స్టూడియోలలో నొకదానిని కట్టిన సంస్థయే, కాలము మాఱినప్పుడు సెట్టింగు నక్కఱలేని కథలకు చేయూత నిచ్చుట ఆ చరిత్రకు ఉత్తరభాగము. పరిశోధనాలయముల బాటపై, పారిశ్రామికవాడల వెనుక కాలనీలలో, ఏటేట ఫలితముల నాడు తలుపు వేసికొని కూర్చుండు బాలబాలికలు నేటికిని కలరు. తల్లిదండ్రులు వారితో పలుకలేని మాటను ఒక హాస్యచిత్రము పలుకగలిగినచో, పరీక్ష తప్పినవాడు మనిషిగా తప్పలేదని వారితోపాటు పెద్దలను కూర్చుండబెట్టి నవ్వించి యొప్పింపగలిగినచో, ఆ చిత్రము చేసినది వినోదము మాత్రమే కాదు, ఉపాధ్యాయుని పని. గురజాడనాటి వేంకటేశమునుండి నేటి అఖిల్ వఱకు నూటముప్పదియేండ్లుగా తెలుగు హాస్య మీ పనినే చేయుచున్నది. దానిని ఇంకను విరివిగా, ఆడుపిల్లలకును సమానభాగమిచ్చి చేయవలెనని కోరుట పాఠకులమగు మన హక్కును, బాధ్యతయును.